తిరిగి వచ్చిన డాక్టరును ఎవరూ అడగని ప్రశ్న

న్యూఢిల్లీ:

అశోకా రోడ్డులోని ఆంధ్రభవన్ భోజనశాలలో మధ్యాహ్నం ఒంటిగంట వేళ కుర్చీ సంపాదించడం లోక్‌సభలో స్థానం సంపాదించడం కంటె తేలిక కాదు. ఆ మధ్య ఒకనాడు అక్కడి వరుసలో నా ముందు నిలుచున్న పెద్దమనిషి ఒకరు తన వంతు వచ్చినప్పుడల్లా ఎవరో ముసలివారికో, పిల్లల తల్లికో దానిని వదిలిపెడుతూ, చివరకు నాతోపాటే లోపలికి వచ్చి నా ఎదుట కూర్చున్నారు. ఏభై దాటిన మనిషి. పళ్లెంలో ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నారు. పక్క బల్ల మీద ఎవరో సగానికి సగం వదిలిపెట్టి లేచిపోయిన అన్నం వంక కొంతసేపు చూసి, "జనవరి, ఫిబ్రవరి నెలల్లో మావాళ్ల గాదెల్లో గింజ ఉండదన్నా. ఆ రెండు నెలలూ పిల్లల వార్డులో మంచానికి ఇద్దరు" అన్నారు.

ఆ "మావాళ్లు" ఎవరో నాకు వెంటనే బోధపడలేదు. ఆయన యాస అనంతపురం యాస. కరువు సీమవారు గాదెల సంగతి చెప్పడంలో వింత లేదు. కాని ఆయన చెబుతున్నది అనంతపురం సంగతి కాదు. ఆఫ్రికా ఖండపు ఆగ్నేయ భాగంలో, సముద్రతీరం లేని మలావీ దేశం సంగతి. ఆయన కర్నూలు వైద్య కళాశాలలో చదివి, పిల్లల వైద్యంలో డిప్లొమా పుచ్చుకొని, కొంతకాలం స్వదేశంలో పనిచేసిన తరువాత ఒక ధర్మసంస్థ తరఫున దక్షిణ మలావీలోని ఒక జిల్లా ఆస్పత్రికి వెళ్లారు. ఎనిమిదేళ్లు అక్కడ ఉండి 2024 చివర తిరిగి వచ్చారు. భార్య ఢిల్లీలో ఉపాధ్యాయిని. వృద్ధురాలైన తల్లి, కళాశాలలో చదువుతున్న కుమార్తె కూడ ఇక్కడే ఉన్నారు. తన పేరు వ్రాయవద్దని కోరారు గనుక ఈ లేఖలో ఆయన కేవలం డాక్టరుగారే.

ఆ తరువాత మూడు నాలుగు సార్లు ఆయనను కలుసుకున్నాను. ఒక వ్యక్తి సాధకబాధకాలుగా మొదలైన సంభాషణ చివరకు మన దేశానికి ఆఫ్రికాతో ఉన్న సంబంధాన్ని గురించిన ప్రశ్నగా పరిణమించింది. అందుకే ఈ వారం పార్లమెంటును, పార్టీ కార్యాలయాలను పక్కన ఉంచి ఆయన గురించి వ్రాస్తున్నాను.

వెళ్లినవారికి వీడ్కోలు

విదేశాలకు వైద్యులను పంపడంలో మన దేశానికి దీర్ఘచరిత్ర ఉన్నది. జపాను దురాక్రమణకు గురైన చైనాకు 1938లో కాంగ్రెసు పంపిన బృందంలో అయిదుగురు డాక్టర్లు ఉన్నారు. వారిలో ద్వారకానాథ్ కోట్నీస్ పేరు దేశమంతటికీ తెలుసు. ఆయన 1942 డిసెంబరులో చైనాలోనే మరణించారు. శాంతారాం ఆయన కథను 1946లో చలనచిత్రంగా తీశారు. తక్కిన నలుగురు అటల్, చోల్కర్, ముఖర్జీ, బసు స్వదేశానికి తిరిగి వచ్చారు. వారి పేర్లు చెప్పగలిగినవారు నేడు ఎందరు? వారిలో బసు తరువాతి కాలంలో ఆక్యుపంక్చర్ వైద్యం నేర్చుకొని కలకత్తాలో దానిని ప్రచారంలోకి తెచ్చారన్న సంగతి ఎందరికి తెలుసు? పరాయి నేలపై ప్రాణాలు వదిలినవానికి మనం విగ్రహం కడతాం. ప్రాణాలతో తిరిగి వచ్చినవాణ్ణి మాత్రం ఏమి తెచ్చావని అడగం.

ఆఫ్రికా విషయంలోనూ ఇదే వరస. 1960 దశకం ప్రారంభంలో కాంగోకు వెళ్లిన ఐక్యరాజ్యసమితి సేనలలో భారత సైనిక వైద్యులు ఉన్నారు. ఈ శతాబ్దంలో కాంగోలోని గోమాలోను, దక్షిణ సూడాన్‌లోను మన సైనిక వైద్యశాలలు పనిచేశాయి. 1964లో ప్రారంభమైన భారత సాంకేతిక, ఆర్థిక సహకార కార్యక్రమం కింద ఆఫ్రికా దేశాలవారు వేలసంఖ్యలో ఇక్కడకు వచ్చి శిక్షణ పొందారు. మన ఆస్పత్రులను ఆఫ్రికా ఆస్పత్రులతో ఉపగ్రహం ద్వారా కలిపే పథకాన్ని 2009లో ఆరంభించారు. 2008లోను, మళ్లీ 2015లోను భారత, ఆఫ్రికా శిఖరాగ్ర సభలకు ఢిల్లీయే వేదిక అయింది. 2023 సెప్టెంబరులో ఇక్కడే ఆఫ్రికా యూనియన్‌ను జి-20 కూటమిలో సభ్యురాలిగా చేర్చుకున్నారు.

ఔషధాల సంగతి చెప్పనే అక్కరలేదు. ఎయిడ్స్ రోగికి మూడు మందుల చికిత్స ఏడాదికి పదివేల డాలర్లకు పైగా ఖర్చవుతున్న రోజులలో, 2001 ఫిబ్రవరిలో, సిప్లా సంస్థ అధిపతి యూసుఫ్ హమీద్ దానిని ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ప్రకటించారు. ఆ ప్రకటన ఆఫ్రికాలో లక్షల ప్రాణాల తలరాతను మార్చింది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన కలరా టీకాను 2016 ప్రారంభంలో మలావీలో చిల్వా సరస్సు మీద బతికే మత్స్యకారులకు ఇచ్చారు. ఇవన్నీ మనం గర్వించదగినవే. డాక్టరుగారు కూడ గర్విస్తారు. "అక్కడ మందుల గది తలుపు తీస్తే సగం డబ్బాల మీద మన దేశం పేరే ఉంటుంది. ఆ పేరు చూసినప్పుడల్లా ఇంటి నుంచి ఉత్తరం వచ్చినట్టుండేది" అన్నారు.

అయితే ఈ జాబితాలో ప్రతి అంశంలోనూ ఇచ్చే చేయి మనది, పుచ్చుకునే చేయి వారిది. పుచ్చుకున్నవారి దగ్గర మనకు ఇవ్వదగినది ఏమైనా ఉన్నదా అన్న ప్రశ్న ఏ శిఖరాగ్ర ప్రకటనలోనూ గట్టిగా వినిపించదు. డాక్టరుగారి చిక్కంతా అక్కడే వచ్చింది. ఆయన చేతులు ఖాళీగా తిరిగి రాలేదు. తెచ్చినదానిని ఎక్కడ దించుకోవాలో ఆయనకు తెలియలేదు.

మలావీ నేర్పిన విద్య

మలావీ 1964లో స్వతంత్రమైన చిన్న దేశం. జనాభా సుమారు రెండు కోట్లు. లక్షమందికి పదిమంది డాక్టర్లు కూడ లేరు. దేశంలో మొదటి వైద్య కళాశాల 1991లో గాని బ్లాంటైర్ నగరంలో ఏర్పడలేదు. ఇటువంటి దేశం ఎలా నెట్టుకు వస్తున్నది? క్లినికల్ ఆఫీసర్లు అనే ఉద్యోగుల మూలంగా. వీరు ఎం.బి.బి.ఎస్. చదివినవారు కారు. మూడేళ్ల చదువు, ఒక ఏడాది ఆస్పత్రిలో అభ్యాసం, అంతే. అక్కడి జిల్లా ఆస్పత్రులలో జరిగే సిజేరియన్ శస్త్రచికిత్సలలో అత్యధిక భాగం వీరి చేతుల మీదుగానే జరుగుతాయి. తల్లుల, బిడ్డల క్షేమం విషయంలో వీరి ఫలితాలు డాక్టర్ల ఫలితాలకు తీసిపోవని పరిశోధకులు లెక్కలు కట్టి చూపారు.

"నేను పిల్లల డాక్టరును. కత్తి పట్టడం ఎప్పుడో మరిచిపోయాను" అని చెప్పారు డాక్టరుగారు. "వెళ్లిన మొదటి నెలలో ఒక రాత్రి ప్రసూతి కేసు వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది. నేను బెదిరిపోయి నిలబడితే ఒక క్లినికల్ ఆఫీసరు, నాకంటె ఇరవై ఏళ్లు చిన్నవాడు, చేతులు కడుక్కొని వచ్చి పనంతా ముగించాడు. మరునాటి నుంచి నేను అతనికి సహాయకుణ్ణి. ఆరు నెలలకు నా చేత ఒంటరిగా చేయించాడు. నాకు సిజేరియన్ నేర్పిన గురువు డాక్టరు కాడు. ఈ మాట ఢిల్లీలో చెబితే నన్ను చూసి నవ్వారు."

2022 మార్చిలో మలావీలో కలరా వచ్చింది. ఆ దేశ చరిత్రలో అంతటి కలరా ఎన్నడూ లేదు. ఏడాదికి పైగా సాగి 1,700 మందికి పైగా ప్రాణాలు తీసింది. అది తగ్గుముఖం పడుతున్న వేళ, 2023 మార్చిలో, ఫ్రెడ్డీ తుపాను దక్షిణ మలావీని ఊడ్చివేసింది. మరణించినవారు, గల్లంతైనవారు కలిసి వెయ్యికి మించారు. డాక్టరుగారు ఆ రోజులలో గుడారాలలోనే పడుకున్నారు. అక్కడ ప్రధానమైన ఆయుధం ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లే. ఆ విద్య పుట్టుక కూడ మన ఉపఖండంలోనే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు దిలీప్ మహలనబీస్ అనే బెంగాలీ డాక్టరు ఉప్పు, చక్కెర నీళ్లను డ్రమ్ములలో కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించి, మరణాలను అరికట్టారు. 2022లో ఆయన కన్నుమూసిన తరువాత, 2023లో, ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. తిరిగి వచ్చినవాణ్ణి అడగనట్లే, ఇంట్లో ఉన్నవాణ్ణి గుర్తించడానికి కూడ మనకు ఏభై ఏళ్లు పట్టింది.

డాక్టరుగారు మలావీలో అలవరచుకున్న మరొక విద్య ఉన్నది. అది ఏ పాఠ్యగ్రంథంలోనూ లేదు. అక్కడ ఎంతటి ఆపదలో ఉన్న మనిషి అయినా, "మూలీ బ్వాంజీ" అని కుశలం అడిగి, మీరెలా ఉన్నారని ఎదుటివాడు తిరిగి అడిగితే సమాధానం చెప్పి, ఆ తరువాతనే రోగం సంగతి ఎత్తుతాడు. జ్వరంతో వణికిపోయే తల్లి కూడ డాక్టరు కుశలం అడగకుండా బిడ్డను చూపదు. మొదట్లో ఆయనకు ఇది కాలహరణంగా తోచిందట. రాను రాను ఆ రెండు మాటల మధ్యనే రోగి ముఖం, ఊపిరి, భయం అన్నీ చదవవచ్చునని తెలిసింది.

ఢిల్లీ వేసిన ప్రశ్నలు

తిరిగి వచ్చిన తరువాత మొదటి ఆరు నెలలు ఆయనకు నిద్ర సరిగా పట్టలేదు. దీపం ఆరిపోయినట్లు, ప్రాణవాయువు సిలిండరు నిండుకున్నట్లు కలలు వచ్చేవి. ఒకసారి వాడి పారవేసే సామాను చూస్తే చేయి ఆగిపోయేది. ఇరుగుపొరుగువారి విందులలో, "అక్కడ సింహాలు తిరుగుతాయా" అన్న ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి విసిగి, విందులకు వెళ్లడం మానుకున్నారు.

ఒక మిత్రుని క్లినిక్కులో కొన్నాళ్లు కూర్చున్నారు. రోగిని పడుకోబెట్టి, పొట్ట తడిమి, వెన్ను తట్టి చూస్తుంటే బంధువులు, "స్కానింగ్ వ్రాయరా" అని అడిగారు. అక్కరలేదంటే డాక్టరుకు పని రాదని అనుకున్నారు. జలుబుకు ఇంజెక్షను ఇవ్వలేదని ఒకాయన డబ్బు వెనక్కు ఇమ్మన్నాడు. మలావీలో పరికరాలు లేక చేతులతో వైద్యం చేశారు. ఢిల్లీలో పరికరాలు ఉండడం వల్ల చేతులకు విలువ పోయింది.

ప్రభుత్వోద్యోగం కోసం ప్రయత్నించారు. శాశ్వతోద్యోగానికి వయస్సు మించిపోయింది. ఒప్పందం పద్ధతిలో తీసుకునే ఒక పదవికి ఇంటర్‌వ్యూకు వెళ్లారు. అనుభవం అనే గడిలో స్వదేశంలోని ఆస్పత్రుల కాలాన్ని మాత్రమే లెక్కిస్తామన్నారు. ఎనిమిదేళ్లలో వేలమంది పిల్లలను చూసిన అనుభవం ఆ కాగితంలో సున్నగా మిగిలింది. ఆ అధికారి దురుసుగా ఏమీ మాట్లాడలేదు. నియమావళిలో అటువంటి గడి లేదని మర్యాదగానే చెప్పారు.

ఆయన ఆఫ్రికా అనుభవానికి వెల కట్టిన చోటు ఒకటే కనిపించింది. అది రాజధాని ప్రాంతంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రి. విదేశీ రోగుల విభాగంలో పెద్ద పదవి ఇస్తామన్నారు. జీతం ఆయన ఊహించనంత. "మీకు ఆ దేశాల భాష తెలుసు, అక్కడి ఆరోగ్యశాఖల వారు తెలుసు. నెలకు ఎంతమంది రోగులను తీసుకురాగలరు?" అన్నది వారు వేసిన మొదటి ప్రశ్న. అదే చివరి ప్రశ్న కూడ.

"అన్నా, ఎనిమిదేళ్లు అక్కడ ఏం చేశావని నన్ను ఇద్దరే అడిగారు. ఒకరు సింహాల గురించి, ఇంకొకరు గిరాకీల గురించి" అని ఆయన నవ్వారు. ఆ నవ్వులో కసి లేదు. కుమార్తె చదువుకు డబ్బు కావాలి. తల్లి మోకాళ్లకు వైద్యం కావాలి. భార్య ఒక్క జీతంపై ఎనిమిదేళ్లు సంసారం ఈదింది. ఆ ఉద్యోగాన్ని కాదనే హక్కు తనకు ఉన్నదా అని ఆయన నన్నే అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

హౌజ్‌రాణీ వీధులలో

ఆ పదవి గురించి ఆలోచిస్తున్న రోజులలోనే ఆయన నన్ను హౌజ్‌రాణీకి తీసుకువెళ్లారు. దక్షిణ ఢిల్లీలో సాకేత్ ప్రాంతపు పెద్ద ఆస్పత్రుల ఎదుట ఉన్న పాత బస్తీ అది. ఇరుకు సందులలో అద్దె గదులు, మందుల దుకాణాలు, డబ్బు మార్చే అంగళ్లు, అరబ్బీ అక్షరాల బోర్డులు. ఆఫ్రికా నుండి, పశ్చిమాసియా నుండి వైద్యానికి వచ్చినవారు అక్కడ దిగుతారు. ఇంటి వద్ద పొలమో, పశువులో అమ్మి, బంధువుల చేత చందాలు వేయించి వచ్చినవారు వారిలో ఉంటారు. గుండె జబ్బు పసిపిల్లలకు ఇక్కడ ప్రాణదానం లభిస్తున్న మాట నిజం. తమ దేశంలో అసాధ్యమైన శస్త్రచికిత్స ఐరోపా ఖర్చులో కొద్ది భాగానికే ఇక్కడ జరుగుతున్న మాట కూడ నిజం. అంతమాత్రాన వారు ఇక్కడ అతిథులని చెప్పలేం.

ఈ నగరపు చరిత్రలో కొన్ని తేదీలు ఉన్నాయి. 2014 జనవరిలో ఆ పక్కనే ఉన్న ఖిడ్కీ ఎక్స్‌టెన్షన్‌లో అప్పటి రాష్ట్ర న్యాయశాఖ మంత్రి స్వయంగా జనాన్ని వెంటబెట్టుకొని అర్ధరాత్రి ఆఫ్రికన్ స్త్రీల ఇళ్లపైకి వెళ్లారు. 2016 మేలో వసంత్‌కుంజ్‌లో ఆటో విషయమై వచ్చిన తగాదాలో కాంగో దేశపు యువకుని కొట్టి చంపారు. ఢిల్లీలోని ఆఫ్రికా రాయబారులు ఆ ఏడు ఆఫ్రికా దినోత్సవాన్నే బహిష్కరించాలని తలపెట్టారు. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులను వెంటాడి కొట్టారు. ఆ మరుసటి నెలలో రాయబారులు ఈ దాడులను జాతివివక్షగా పేర్కొంటూ ప్రకటన చేశారు. శిఖరాగ్ర సభలో ఆలింగనాలు, సందుగొందులలో ఈసడింపులు. ఆఫ్రికాకు మనం ఇచ్చేవారమని, మన దగ్గరకు వచ్చేవారు అడుక్కునేవారని మనసులో స్థిరపడిపోతే జరిగేది ఇదే.

డాక్టరుగారి బాధ ఇంకా సూక్ష్మమైనది. మలావీ గ్రామాలలో ఆయన పరాయివాడు, వేరే రంగువాడు. ఏ ఇంటికి వెళ్లినా చెంబుతో చేతులకు నీళ్లు పోసి, ఉన్నదాంట్లో మొదటి ముద్ద ఆయనకు పెట్టేవారు. "అక్కడ నన్ను ఎవరూ పరాయివాడివని అనలేదు. ఇక్కడ వాళ్లను ఎవరూ మనవాళ్లని అనరు. ఈ రెండూ ఒక్క మనిషి తలలో ఇమడటం లేదు" అన్నారు.

మనకు తెలియకుండా పుచ్చుకున్నది

మలావీ వంటి పేద దేశం భారతదేశానికి ఏమి నేర్పగలదని అడిగేవారికి ఒక సంగతి చెప్పాలి. ఎయిడ్స్ క్రిమి సోకిన గర్భిణికి జీవితాంతం మందులు ఇవ్వాలా వద్దా అన్నది ఒకప్పుడు రక్తపరీక్షను బట్టి తేల్చేవారు. మలావీలో ఆ పరీక్షా యంత్రాలు అన్ని చోట్లా లేవు. యంత్రం కోసం తల్లిని తిప్పేకంటె, క్రిమి ఉన్న ప్రతి గర్భిణికీ వెంటనే మందులు మొదలుపెట్టి జీవితాంతం కొనసాగించడమే మేలని 2011లో ఆ దేశం నిర్ణయించింది. అలా చేసిన మొదటి దేశం అదే. ధనిక దేశాల నిపుణులు కొందరు సందేహించారు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మార్గాన్ని తన సిఫారసులలో చేర్చింది. 2014లో మన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ దానిని అమలులోకి తెచ్చింది. నేడు ఏ తెలుగు జిల్లా ఆస్పత్రిలోనైనా అటువంటి తల్లికి ఆ మందు అందుతున్నదంటే ఆ ఆలోచన మలావీ నుండి వచ్చినదే. మందు మనది, బుద్ధి వారిది. మొదటి సగం మనకు తెలుసు. రెండవ సగం మనకు ఎవరూ చెప్పలేదు.

క్లినికల్ ఆఫీసర్ల విషయం ఇంతకంటె జటిలం. పాత తరంవారికి ఎల్.ఎం.పి. డాక్టర్లు గుర్తుండే ఉంటారు. పూర్తి పట్టా లేకపోయినా చిన్న పట్టణాలకు, పల్లెలకు వారే దిక్కుగా ఉండేవారు. దేశానికి ఒకే స్థాయి డాక్టరు చాలునని 1946లో భోర్ కమిటీ నిర్ణయించింది. కొందరు సభ్యులు విభేదించినా ఎల్.ఎం.పి. చదువు అంతరించింది. 2001లో ఛత్తీస్‌గఢ్, ఆ తరువాత అస్సాం మూడేళ్ల చదువుతో గ్రామీణ వైద్య సహాయకులను తయారుచేయబోతే వ్యాజ్యాలు, ఆందోళనలు. 2019లో జాతీయ వైద్య కమిషను చట్టం ఇటువంటివారికి పరిమితమైన వైద్యం చేసే అవకాశం కల్పించగా దేశవ్యాప్తంగా డాక్టర్లు సమ్మె చేశారు.

డాక్టర్ల వాదంలో పస లేదని అనలేం. పల్లెవాడికి చౌకబారు వైద్యం, పట్నంవాడికి అసలు వైద్యం అన్నది సమన్యాయమా అని వారు అడుగుతున్నారు. ఆ ప్రశ్నను డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన కొంచెం ఆలోచించి ఇలా అన్నారు: "న్యాయమైన ప్రశ్నే. కాని మా గురువు పనిచేసింది దొంగచాటుగా కాదు. చదువు ఉంది, పై నుంచి అజమాయిషీ ఉంది, చేయకూడని పనుల జాబితా ఉంది. మన పల్లెల్లో ఏ చదువూ లేని ఆర్.ఎం.పి. సెలైన్ ఎక్కిస్తున్నాడు. మనం వద్దన్నది చిన్న డాక్టరును కాదన్నా. చదువుకున్న చిన్న డాక్టరును." 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం సామాజిక ఆరోగ్య కేంద్రాలలో ఉండవలసిన నిపుణ వైద్యులలో దాదాపు 80 శాతం మంది లేరు. ఆ ఖాళీ కుర్చీలలో సమన్యాయం ఎక్కడ కూర్చున్నదో చెప్పవలసిన బాధ్యత వాదించేవారిది.

ఆఫ్రికా నుండి వచ్చిన ప్రతిదీ కళ్లకద్దుకోవాలని ఆయన అభిప్రాయం కాదు. పస్తులతో చిక్కి శల్యమైన పిల్లలకు వేరుశనగ ముద్దతో ఇంటి దగ్గరనే వైద్యం చేసే పద్ధతిని రూపుదిద్దడంలో మలావీది పెద్ద పాత్ర. మన దేశంలో యునిసెఫ్ తెప్పించిన అటువంటి పొట్లాలను కేంద్రప్రభుత్వం 2009లో నిలిపివేయించింది. విదేశీ కంపెనీల పొట్లాలు అంగన్‌వాడీ అన్నాన్ని తరిమివేస్తాయన్న భయం అందుకు ఒక కారణం. ఆ భయం అకారణం కాదని డాక్టరుగారే ఒప్పుకుంటారు. "మా అనంతపురంలో శనక్కాయలకు కొదవా? పొట్లం అక్కరలేదు. బిడ్డను వారం వారం తూచే మనిషి కావాలి. నేను చెప్పేది ఆ మనిషి గురించి" అన్నారు.

చేయవలసినది పెద్ద పని కూడ కాదు. విదేశాలలో, అందునా పేద దేశాల ప్రభుత్వాస్పత్రులలో చేసిన సేవను ఇక్కడి ఉద్యోగాలలో అనుభవంగా లెక్కించే నియమం ఒకటి కావాలి. తిరిగి వచ్చిన ప్రతి వైద్యునీ, నర్సునూ ఆరోగ్యశాఖ ఒక పూట కూర్చోబెట్టి, "అక్కడ ఏమి చూశారు? అందులో మనకు పనికివచ్చేది ఏమిటి?" అని అడిగి, వ్రాసిపెట్టుకునే ఏర్పాటు ఒకటి కావాలి. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు. అడగాలంటే మాత్రం అవతలివాడి దగ్గర మనకు తెలియనిది ఉన్నదని ఒప్పుకోవాలి. వలసపాలన నుండి బయటపడిన దేశాలు ఒకదాని నుండి ఒకటి నేర్చుకోవాలని బాండుంగు సభ నాటి నుండి మనం అంటూనే ఉన్నాం.

సంగటి ముద్ద

పోయిన నెలలో డాక్టరుగారి ఇంటికి భోజనానికి వెళ్లాను. ఆయన ప్రైవేటు ఆస్పత్రి పదవిని కాదన్నారు. ఢిల్లీకి కూతవేటు దూరంలో, హర్యానాలోని నూహ్ జిల్లాలో, ఒక చిన్న ధర్మాస్పత్రిలో పిల్లల వార్డు చూడడానికి ఒప్పుకున్నారు. 2018లో నీతి ఆయోగ్ వెనుకబడిన జిల్లాలకు ర్యాంకులు ఇచ్చినప్పుడు అట్టడుగున నిలిచిన జిల్లా అది. జీతం ప్రైవేటు ఆస్పత్రి ఇస్తామన్నదానిలో నాలుగవ వంతు కూడ లేదు. ఈ నిర్ణయం ఇంట్లో అందరికీ నచ్చిందని చెప్పలేను. వడ్డిస్తున్న ఆయన భార్య ఎక్కువ మాట్లాడలేదు. కుమార్తె చదువుకు బ్యాంకులో అప్పు తీసుకుంటున్నామని మాత్రం ఆమె మెల్లగా అన్నారు. త్యాగాలను పొగడే మనం అవి ఎవరి ఖర్చు మీద జరుగుతాయో గమనించం.

ఆ రోజు రాగిసంగటి, శనక్కాయ పొడి వేసిన ఆకుకూర. మలావీలో మొక్కజొన్న పిండితో చేసే "న్సీమా" అచ్చం ఇటువంటిదేనని, అక్కడి ఆకుకూరలోనూ వేరుశనగ పొడి వేస్తారని డాక్టరుగారు చెబుతుంటే ఆయన తల్లి నవ్వారు. "చూడు నాయనా, ఇంట్లో సంగటి పెడితే అన్నం కావాలని ఏడ్చినోడు, సంగటి తినేదానికి సముద్రాలు దాటి పోయినాడు" అన్నారు.

కూర్చోబోయే ముందు డాక్టరుగారు చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతుల మీద పోశారు. మలావీ మర్యాద కాబోలునని నేను అంటే తల్లి ఒప్పుకోలేదు. "ఆ ఊరి మర్యాద ఏమి నాయనా! మా మామగారు ఉన్నన్నాళ్లు మా ఇంట్లో ఇదే పద్ధతి. కొళాయి వచ్చినాక మేమే మరిచిపోతిమి."

భోజనం మధ్యలో ఆయన ఫోను మోగింది. సిజేరియన్ నేర్పిన ఆ గురువు మలావీ నుండి ఒక పసిబిడ్డ ఎక్స్‌రే పంపి సలహా అడుగుతున్నాడు. ఎంగిలి చేతిని అలాగే ఉంచుకొని, ఎడమచేత ఫోను పట్టుకొని, ముందుగా కుశలప్రశ్నలు వేసి, తరువాత ఎక్స్‌రే చూసి ఏదో చెప్పారు. మళ్లీ ముద్ద అందుకుంటూ, "రేపు తెల్లవారుజామునే బయలుదేరాలన్నా. సోమవారం నాడు మావాళ్లు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు" అన్నారు.

ఈసారి ఆ "మావాళ్లు" ఎవరని నేను అడగలేదు.